పాత ఎం.జి.బి స్పోర్ట్స్ కారు కొనడం, బాగు చేయించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.జి. కంపెనీ వారి ఎం.జి.బి అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ పట్టణంలో తయారైంది. దాన్ని కొనాలనుకునే తెలుగువాళ్లు, ముఖ్యంగా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడినవారు, నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. నా దగ్గర 1972 నాటి తెల్ల ఎం.జి.బి ఉంది. తొందరపడి కొని, ఆ తర్వాత రేకు రేకునా బాగు చేయించిన కారు అది. ఒక్కొక్కరికి ఫోనులో విడివిడిగా చెప్పే బదులు, ఆ అనుభవంతో తెలిసిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న దశ

బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఎన్నో ఉండగా ఎం.జి.బినే ఎందుకు కొనమంటున్నారు?

విడిభాగాలు దొరుకుతాయి కాబట్టి. మొత్తం ఐదు లక్షలకు పైగా తయారైన కారు కావడంతో తలుపు రబ్బరు నుంచి మొత్తం బాడీ వరకు దాదాపు ప్రతి భాగమూ నేటికీ కొత్తది అమ్ముతున్నారు. 1798 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అర్థంకాని యంత్రాంగం ఏదీ లేదు. బోనెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికి అందుతుంది. జాగ్వార్ ఇ-టైప్, లోటస్ ఎలాన్ ఇంతకంటే అందమైనవో వేగమైనవో కావచ్చు గానీ, మొదటిసారి పాత కారు కొనేవారి జేబుకూ ఓపికకూ అవి పెట్టే పరీక్ష చాలా పెద్దది.

పైకప్పు మడిచే రోడ్‌స్టర్ కొనాలా, కప్పు ఉన్న జి.టి. కొనాలా?

జి.టి. 1965లో వచ్చింది. దాని కప్పుకు రూపమిచ్చింది ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా సంస్థ. సామాను పెట్టుకోవడానికి చోటు ఎక్కువ, వానకు బెంగ తక్కువ, ధర కూడా సాధారణంగా రోడ్‌స్టర్ కంటే తక్కువే ఉంటుంది. వెనక సీటు పేరుకే సీటు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ కూర్చోలేరు. పొడుగ్గా ఉన్నవారు, ఏడాది పొడవునా నడపాలనుకునేవారు జి.టి. వైపే మొగ్గడం మంచిదని నా అభిప్రాయం. ఎండలో కప్పు తీసి ఊరి దారుల్లో తిరగాలన్నదే కోరిక అయితే మాత్రం జి.టి. ఆ లోటు తీర్చలేదు.

క్రోమ్ బంపర్ కారుకే విలువ అంటారు. నల్ల రబ్బరు బంపర్ ఉన్నది కొనకూడదా?

నిక్షేపంగా కొనవచ్చు. అమెరికా భద్రతా నిబంధనల కోసం 1974 చివరి నుంచి పెద్ద నల్ల బంపర్లు బిగించారు. బంపరు నిర్ణీత ఎత్తులో ఉండాలి కాబట్టి కారునే ఒక అంగుళానికి పైగా పైకి లేపారు. దాంతో మలుపుల్లో కారు పక్కకు ఒరగడం మొదలైంది, తర్వాతి సంవత్సరాల్లో దాన్ని చాలావరకు సరిదిద్దారు. చూపుకు క్రోమ్‌దే అందం. అయినా క్రోమ్ మెరుపుతో ఉన్న తుప్పు కారు కంటే గట్టి ఒళ్లున్న రబ్బరు బంపర్ కారు వెయ్యి రెట్లు మేలు.

మూలన పడిన కారు తక్కువలో కొని బాగు చేయిస్తే లాభం కదా?

కాదు. కొన్న ధర, వెల్డింగ్, రంగు, సీట్లు, ఇంజిన్ పని అన్నీ కలిపితే పూర్తయిన కారు విలువను ఖర్చు దాటిపోవడమే మామూలు. ఎవరో ఇప్పటికే డబ్బు పోసి, ప్రతి దశలోనూ ఫొటోలు తీసి దాచుకున్న కారును కొనడమే అన్నిటికంటే చవక. స్వయంగా విప్పి బిగించడంలో ఆనందం ఉన్నవారు మాత్రమే మూలన పడిన కారు జోలికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ ఖర్చును పెట్టుబడి అనుకోకుండా, ఇష్టమైన వ్యాపకానికి పెట్టే ఖర్చుగానే లెక్క వేసుకోవాలి.

ఆరు సిలిండర్ల ఎం.జి.సి, ఎనిమిది సిలిండర్ల వి8 కూడా ఉన్నాయట కదా?

ఉన్నాయి. 2912 సి.సి. ఎం.జి.సి 1967 నుంచి 1969 వరకు, 3528 సి.సి. రోవర్ ఇంజిన్ పెట్టిన జి.టి. వి8 1973 నుంచి 1976 వరకు తయారయ్యాయి. వి8 కార్లు కంపెనీ నుంచి వచ్చినవి 2,591 మాత్రమే. మామూలు జి.టి.లో తర్వాత ఎవరో వి8 ఇంజిన్ దించి అమ్ముతున్నవి కూడా చాలా ఉన్నాయి కాబట్టి, ఛాసిస్ నంబరు రూఢి చేసుకోకుండా వి8 ధర ఇవ్వవద్దు.

## కారు చూడడానికి వెళ్లినప్పుడు

మొదట ఏం చూడాలి? ఇంజిన్ స్టార్ట్ చేసి వినాలా?

ఇంజిన్ చివర చూడండి. ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింది భాగం చూడండి.

ఆ కాలపు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వంటి కార్లకు కింద విడిగా ఉక్కు ఛాసిస్ ఉండేది. ఎం.జి.బికి ఆ ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపు కింద గడపలా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే ఉక్కు పెట్టెను సిల్ అంటారు. కప్పు లేని రోడ్‌స్టర్‌కు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి నిలబెట్టే వెన్నెముక ఆ రెండు సిల్‌లే. ఒక్కో సిల్‌లో బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువుగా ఒక పలక, అడుగున కోటగోడ బురుజుల్లా మెట్లుమెట్లుగా వంచిన పట్టీ ఉంటాయి. చక్రాలు విసిరే తడి మట్టి లోపలికి చేరి, తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. విశాఖ సముద్రపు గాలికి ఇంటి గేటు ఏమవుతుందో చూసినవారికి, చలికాలమంతా ఉప్పు చల్లే ఇంగ్లండ్ రోడ్ల మీద ఈ రేకుల గతి వేరే చెప్పనక్కరలేదు.

నేను కొన్న కారు తళతళా మెరిసింది. ఇంటికి తెచ్చిన వారానికి, టైరు మార్చుదామని పక్క నుంచి జాకీ పెట్టి లేపాను. చక్రం నేల వదిలేసరికి తలుపు ఎంత లాగినా తెరుచుకోలేదు. కారు నడుము దగ్గర వంగి, తలుపు చట్రంలో బిగుసుకుపోయింది. తర్వాత గడప మీది అలంకారపు పట్టీ విప్పి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అది పిడి దాకా దిగింది. లోపల నలిపి కుక్కిన పాత వార్తాపత్రికలు, వాటి మీద పుట్టీ, దాని మీద రంగు. అమ్మినవారికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు గానీ, అడగకుండా, వంగి చూడకుండా డబ్బు ఇచ్చినది నేనే.

అందువల్ల తలుపు వెనక అంచుకూ వెనక మడ్‌గార్డుకూ మధ్య సందు పై నుంచి కింది దాకా సమానంగా ఉందో లేదో చూడండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుము కుంగినట్టే. అమ్మే మనిషి అనుమతితో జాకీ మీద లేపి, తలుపు తెరిచి మూసి చూడండి. ఆయన అందుకు ఒప్పుకోకపోతే నమస్కారం చెప్పి వచ్చేయండి.

పుట్టీ పెట్టి రంగు వేశారో లేదో ఎలా కనిపెట్టాలి?

ఫ్రిజ్ తలుపుకు అంటించే మెత్తటి అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. సిల్‌లు, మడ్‌గార్డుల అడుగు, వెనక చక్రం ముందున్న భాగం మీద మెల్లగా జరపండి. ఎక్కడ పట్టు వదిలితే అక్కడ రేకు కాదు, పుట్టీ ఉంది. ఒక్క జాగ్రత్త: 1960ల నాటి కార్లకు బోనెట్ అల్యూమినియంతో చేశారు కాబట్టి దాని మీద అయస్కాంతం అసలు అంటదు, అది లోపం కాదు.

సిల్‌లు కాక ఇంకెక్కడ తుప్పు పడుతుంది?

సీట్ల వెనక నేలలో బ్యాటరీ పెట్టే పెట్టెలు మొదటి అనుమానితులు. చాలా కార్లలో 6 వోల్టుల బ్యాటరీలు రెండు అక్కడే ఉండేవి, ఒలికిన యాసిడ్, చక్రాల మట్టి రెండూ కలిసి ఆ రేకును తినేస్తాయి. వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలే చోట్లు, కార్పెట్ కింది నేల, ముందు మడ్‌గార్డు పైభాగం అద్దం దగ్గర, హెడ్‌లైట్ల చుట్టూ కూడా చూడాలి. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగించినవి కాబట్టి మార్చడం తేలిక. వెనకవి వెల్డింగ్ చేసినవి, వాటి పని ఖరీదైనది.

నాకు ఇంజిన్ గురించి తెలియదు. కనీసం ఏం గమనించాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మీరు అక్కడ ఉండాలి, ముందే వేడి చేసి ఉంచితే అనుమానించాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు వేడెక్కాక రోడ్డు మీద 50 నుంచి 80 మధ్య, నిలబడి ఉన్నప్పుడు 10 నుంచి 25 మధ్య ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. వాలులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. కింద రెండు చుక్కల ఆయిల్ పడడం ఈ ఇంజిన్‌కు సహజం, దానికి భయపడకండి.

1964 చివరి నుంచి ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌కు మూడు బదులు ఐదు బేరింగులు పెట్టారు, రోజూ నడపడానికి అవి మేలు. 1967 చివరి దాకా వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేరు పళ్లు సాఫీగా కలిసేలా చేసే ఏర్పాటు, లేదు. కదులుతుండగా మొదటి గేరు వేస్తే కరకరమనడం వాటిలో లోపం కాదు. ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పే అదనపు గేరు) ఉందని చెబితే టాప్ గేరులో మీట వేయించి చూడండి. వేగం తగ్గకుండా ఇంజిన్ చప్పుడు ఒక మెట్టు దిగాలి.

స్పోకుల చక్రాలు చాలా అందంగా ఉన్నాయి. వాటిలో ఏం చూడాలి?

చేతి బ్రేకు వేసి, వెనక చక్రాన్ని జాకీతో లేపి, రెండు చేతులతో ముందుకూ వెనక్కూ ఆడించండి. చక్రం తగిలించే ఇరుసు కొన (హబ్) కదలకుండా చక్రం ఒక్కటే టక్కుమని ఆడితే లోపలి పళ్లు అరిగిపోయాయి. అప్పుడు చక్రంతో పాటు హబ్ కూడా మార్చాలి, అరిగిన హబ్ మీద కొత్త చక్రం పెడితే అదీ త్వరలో అరిగిపోతుంది. పెన్సిల్‌తో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టితే బిగువుగా ఉన్నవి ఖంగుమంటాయి, వదులైనవి మూగగా పలుకుతాయి.

అమెరికా నుంచి తిరిగి వచ్చిన కార్లకు తుప్పు ఉండదంటారు. నిజమేనా?

ఏ రాష్ట్రం నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎం.జి.బిలలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. కాలిఫోర్నియా, అరిజోనా వంటి పొడి ప్రాంతాల కార్లకు రేకు గట్టిగా ఉంటుంది గానీ డాష్‌బోర్డు, సీట్లు ఎండకు బీటలు వారి ఉంటాయి. రోడ్ల మీద ఉప్పు చల్లే ఈశాన్య రాష్ట్రాల కారుకు ఇంగ్లండ్ కారు కంటే ఎక్కువేమీ లేదు. 1975 నుంచి అమెరికాకు పంపిన కార్లకు ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే ఎస్.యు. కార్బ్యురేటర్లు రెండింటి బదులు ఒకే స్ట్రోంబర్గ్ కార్బ్యురేటర్ పెట్టారు, వాటి శక్తి బాగా తగ్గింది. అమెరికాలోనే ఉంటున్న తెలుగువారికి మాత్రం పొడి రాష్ట్రం నుంచి కారు తెప్పించుకోవడమే అన్నివిధాలా లాభం.

## కాగితాలు

ఛాసిస్ నంబరును బట్టి ఏం తెలుస్తుంది?

మొదటి అక్షరం జి అంటే ఎం.జి., హెచ్ అంటే ఇంజిన్ పరిమాణపు తరగతి, ఎన్ అంటే రెండు సీట్ల రోడ్‌స్టర్, డి అంటే జి.టి., ఆ తర్వాతి అంకె ఆ కారు ఏ శ్రేణిదో చెబుతుంది. 1972 నాటి నా రోడ్‌స్టర్ నంబరు జి.హెచ్.ఎన్.5తో మొదలవుతుంది. అంకె పక్కన ఎల్ ఉంటే ఎడమ స్టీరింగ్‌తో తయారైన కారు. కారు మీది ఫలకంలోని నంబరు, వి5సి రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తారు. మొదటి రంగు ఏదో, కారు ఏ దేశానికి పంపారో అందులో ఉంటుంది.

నలభై ఏళ్లు దాటితే బ్రిటన్‌లో పన్ను, ఎం.ఓ.టి. అనే వార్షిక వాహన తనిఖీ రెండూ అక్కర్లేదు కదా?

చివరి ఎం.జి.బి 1980లో తయారైంది కాబట్టి అన్నీ ఆ వయసు దాటాయి. అయితే పన్ను మినహాయింపు దానంతట అది రాదు, కారును చారిత్రక వాహనాల తరగతికి మార్పించుకోవాలి. తర్వాత పన్ను సున్నా అయినా ఏటా నమోదు చేయాలి. పెద్ద మార్పులు చేయని కారుకు ఎం.ఓ.టి. తప్పనిసరి కాదు. తప్పనిసరి కాకపోయినా ఏటా తనిఖీ చేయించమనే నేను గట్టిగా చెబుతాను. బ్రేకులు, స్టీరింగ్ వేరొకరి కళ్లతో చూపించుకోవడానికి అయ్యే ఖర్చు చాలా చిన్నది. కొనే ముందు పాత ఎం.ఓ.టి. ఫలితాలను రిజిస్ట్రేషన్ నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. తుప్పు గురించి పరీక్షకులు రాసిన వాక్యాలు అమ్మేవారి మాటల కంటే నమ్మదగినవి.

బాగు చేయించి హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లవచ్చా?

రెండు వేర్వేరు విషయాలున్నాయి. మొదటిది దిగుమతి. దాని అనుమతి, కస్టమ్స్ సుంకం సంగతి కస్టమ్స్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తెలుసుకున్నాకే కారు ఓడ ఎక్కించాలి. రెండవది రిజిస్ట్రేషన్. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, 50 ఏళ్లు దాటి అసలు రూపం గణనీయంగా మారని వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వి.ఎ. అక్షరాలు వస్తాయి. ఆ వాహనాన్ని ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. బ్రిటన్ కార్లకు స్టీరింగ్ కుడివైపే ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

## బాగు చేసే దశ

కారు ఇంటికి వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రేకులతో మొదలుపెట్టండి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన కారులో బ్రేకు రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోతాయి, బ్రేకు ద్రవం తేమ పీల్చుకుని ఉంటుంది. వాటిని మార్చాకే కారును సొంత ఇంజిన్ మీద కదిలించాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్లు దాటితే గాట్లు నిండుగా ఉన్నా మార్చేయండి. ఆ తర్వాతి క్రమం రేకు, యంత్రం, రంగు, సీట్లు. ఈ క్రమం తలకిందులు చేసి ముందు సీట్లకు కొత్త తోలు వేయించినవారి కష్టమంతా వెల్డింగ్ నిప్పురవ్వల పాలైంది.

సిల్ మార్చడం మామూలు వెల్డర్ చేత చేయించవచ్చా?

వెల్డింగ్ వచ్చినంత మాత్రాన చాలదు, ఈ కారు నిర్మాణం తెలిసి ఉండాలి. సిల్ కోస్తున్నంతసేపూ కారుకు వెన్నెముక లేనట్టే లెక్క. కోసే ముందు తలుపు చట్రంలో కీలు స్తంభానికీ గొళ్లెం స్తంభానికీ మధ్య ఉక్కు గొట్టాలు అడ్డంగా వెల్డ్ చేసి బిగించాలి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. కొత్త రేకును మొదట క్లాంపులతో పట్టించి, తలుపు తగిలించి, సందులు సరిచూసి, అప్పుడే శాశ్వతంగా అతకాలి. నా కారుకు పని చేసిన వెల్డర్ ఒక పక్కకే తలుపును పదకొండుసార్లు ఎక్కించి దించారు. ఆ ఓపిక చూశాకే ఆయన చేతిలో కారు పెట్టినందుకు నాకు నిశ్చింత కలిగింది.

సరైన పనిలో ముందు మడ్‌గార్డు విప్పాలి, వెనక మడ్‌గార్డు కింది భాగం కోయాలి, ఎందుకంటే సిల్ ఆ రెండింటి లోపలికీ వెళుతుంది. ఇవేవీ చేయకుండా ఒక్కరోజులో అయిపోతుందని ఎవరైనా చెబితే, పాత తుప్పు మీద కొత్త రేకు కప్పబోతున్నారని అర్థం. పని ముగిశాక సిల్ లోపల మైనం పిచికారీ చేయించాలి, కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి.

తుప్పు మరీ ఎక్కువైతే మొత్తం బాడీ కొత్తది దొరుకుతుందా?

దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి అసలు అచ్చులతోనే కొత్త ఎం.జి.బి బాడీలు తయారు చేస్తోంది. ఖరీదైనదే. నేల, సిల్‌లు, మడ్‌గార్డులు అన్నీ పోయిన కారుకు ముక్కలు ముక్కలుగా వెల్డింగ్ చేయించే కూలీతో పోల్చి చూసుకోవాలి. బాడీ మార్చే ముందే కారు గుర్తింపు గురించి బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డి.వి.ఎల్.ఎ.ను అడిగి, రసీదులన్నీ భద్రపరచండి.

నా దగ్గరున్న స్పానర్లు నట్లకు సరిగ్గా పట్టడం లేదు. ఎందుకు?

మీవి మిల్లీమీటర్ల స్పానర్లు, కారువి అంగుళాల నట్లు. ఎక్కువ వాటికి 7/16, 1/2, 9/16 అంగుళాల స్పానర్లు సరిపోతాయి. దగ్గరి కొలతతో సరిపెడితే మూలలు గుండ్రంగా అరిగి నట్టు ఇక ఊడదు. విప్పిన ప్రతి బోల్టునూ చిన్న సంచిలో వేసి, ఎక్కడిదో రాసి, ఫొటో తీసుకోండి. ఆరు నెలల తర్వాత ఏదీ గుర్తుండదు.

పాత కారులో కొత్త రేడియో పెడితే ఫ్యూజు పోతోంది. ఏమిటి కారణం?

1967 చివరి వరకు వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగను బాడీకి ఎర్త్ చేశారు, నేటి పరికరాలన్నీ నెగటివ్ ఎర్త్ కోసం తయారైనవి. వైరింగ్ తెలిసినవారి చేత ఎర్త్ మార్పించుకోవచ్చు. ఈ కార్లకు వాడిన లూకాస్ కంపెనీ కరెంటు సామానును అందరూ తిడతారు గానీ, నేను చూసిన సమస్యల్లో అధికభాగం తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లే. వాటిని గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే మసకగా వెలిగే లైట్లు చక్కబడతాయి.

కార్బ్యురేటర్ మిశ్రమం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎస్.యు. కార్బ్యురేటర్ పక్కన పిస్టన్‌ను కాస్త ఎత్తే చిన్న పిన్ను ఉంటుంది. ఇంజిన్ వేడిగా నడుస్తుండగా దాన్ని కొద్దిగా నొక్కండి. వేగం క్షణం పెరిగి సర్దుకుంటే మిశ్రమం సరి, పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే పెట్రోలు తక్కువ. రెండు కార్బ్యురేటర్లకూ విడివిడిగా చూడాలి. పైమూత విప్పి లోపలి డ్యాంపర్‌లో ఆయిల్ ఉందో లేదో కూడా చూసుకోండి.

రంగు నేనే వేసుకోవచ్చా?

ప్రైమర్ వరకు వేసుకోండి. నేటి టూ-ప్యాక్ రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి, బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు లేకుండా వాటిని చల్లకూడదు. మామూలు గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు.

## రోడ్డెక్కాక

ఏ పెట్రోలు పోయాలి?

బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఇ5గా అమ్మే సూపర్ పెట్రోలు వాడండి, పెట్రోలు గొట్టాలను ఇథనాల్ తట్టుకునే కొత్తవాటితో మార్చండి. సీసం కలిపిన పెట్రోలు కోసం తయారైన ఇంజిన్ కాబట్టి, సిలిండర్ హెడ్ ఎప్పుడైనా విప్పితే గట్టిపరచిన ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయించండి. భారతదేశంలో ఇ20 ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి అక్కడికి తీసుకెళ్లే కారుకు గొట్టాలు మార్చడం తప్పనిసరి అనుకోండి.

ఇంజిన్ ఆయిల్, గ్రీజు సంగతేమిటి?

పాత ఇంజిన్ల కోసం జింకు పాలు ఎక్కువగా ఉండేలా చేసిన 20W-50 ఆయిల్ వాడండి. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకు 3,000 మైళ్లకొకసారి గ్రీజు గన్‌తో గ్రీజు పట్టించాలి. తక్కువ నడిపేవారు ఏడాదికి ఒకసారైనా పట్టించాలి. గ్రీజు పట్టించేటప్పుడు ముందు చక్రాలు గాలిలో ఉండేలా కారును స్టాండ్ల మీద నిలపండి, అప్పుడే గ్రీజు అంతటా చేరుతుంది.

స్టార్ట్ చేయబోతే వెనక టిక్ టిక్ శబ్దం రావడం లేదు, ఇంజిన్ అందుకోవడం లేదు.

ఆ శబ్దం కారు వెనక భాగంలో ఉన్న ఎస్.యు. పెట్రోలు పంపుది. కారు ఎక్కువ రోజులు కదలకపోతే దాని లోపలి పాయింట్లు మసకబారి కరెంటు అందుకోవు. స్పానర్ పిడితో పంపు మీద మెల్లగా తడితే తరచూ మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అలా ఇంటికి చేరాక, మరునాడే పాయింట్లు శుభ్రం చేయించండి.

చలికాలంలో కారును ఎలా దాచాలి?

ఉప్పు చల్లిన రోడ్డు మీద నడిపి ఉంటే, దాచే ముందు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గాలి ఆడే షెడ్డులో పెట్టండి, ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పవద్దు, కింద తేమ చేరుతుంది. చేతి బ్రేకు వేసి ఉంచితే డ్రమ్ములకు అతుక్కుపోతుంది, చక్రాలకు చెక్కముక్కలు అడ్డు పెట్టండి. బ్యాటరీ తీగ తీసేయండి. నెలకోసారి ఇంజిన్ అయిదు నిమిషాలు ఆడించి ఆపడం కంటే ఆడించకుండా ఉంచడమే మేలు. నడపాలనుకుంటే ఉప్పు లేని పొడి రోజు చూసుకుని, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా ఓ ఇరవై మైళ్లు తిప్పి తీసుకురండి.